పాత మెడికల్ రెప్‌లు కలిస్తే కబుర్లు ఇలా కదిలించండి

"ఆ రోజులు ఎలా ఉండేవి?" అని అడగకండి. "బాగుండేవి" అని ఊరుకుంటారు. ఎవరైనా దాచుకున్న పాత విజువల్ ఎయిడ్ (డాక్టర్లకు మందుల గురించి చెప్పేటప్పుడు చూపించే బొమ్మల పుస్తకం) తెప్పించి మధ్యలో పెట్టండి. మేం కలిసినప్పుడు నేనదే చేశాను. మా సీనియర్ ఒకాయన దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, పెన్ను మొన బొమ్మ మీద ఆనించి, చూపు మాత్రం ఎదుటివాడి ముఖం మీదే నిలిపి, మందు పేరు, మోతాదు గడగడా చెప్పేశారు. నాకు కళ్లు చెమర్చాయి.

ఇక క్లినిక్ బయట పడిగాపులు, రాత్రి బస్సు దిగి రాసిన డీసీఆర్‌లు (ఆ రోజు ఎవరెవర్ని కలిశామో రాసే రిపోర్టులు), నెలాఖరున మందుల టోకు వ్యాపారి అయిన స్టాకిస్ట్‌ను బతిమాలడాలు వాటంతటవే వస్తాయి. నోరు విప్పనివాళ్లను మొదటి కాల్, అంటే మొదటిసారి డాక్టర్ను కలిసిన సంగతి గురించి అడగండి. ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేయండి. డాక్టర్ల పేర్లు, రోగుల సంగతులు మాత్రం వద్దు. బ్యాగు అడుగున పాత శాంపిళ్లు దొరికినా ఎవరికీ ఇవ్వకండి, గడువు ఎప్పుడో దాటి ఉంటుంది.