ఊదా రంగు మట్టిరంగుగా మారకుండా ఎలా కలిపాను: నా అనుభవం

నీటి రంగుల్లో ఎరుపు, నీలం కలిపిన ప్రతిసారీ నాకు నేరేడు పండు ఛాయకు బదులు ఇటుకపొడి కలిసినట్టున్న మట్టిరంగే వచ్చేది. నీళ్లు తగ్గించడం, కాగితం మార్చడం, తెలుపు చేర్చడం ఏవీ ఫలించలేదు.

చివరకు ట్యూబు మీది చిన్న అక్షరాలు చదివాను. నేను వాడుతున్న వెర్మిలియన్ ఎరుపు నారింజ వైపు మొగ్గుతుంది, అంటే అందులో పసుపు ఛాయ దాగి ఉంటుంది. ఊదాకు పసుపు పూరక వర్ణం, అంటే రంగుల చక్రంలో ఎదురుగా ఉండే రంగు కాబట్టి ఆ రెండూ కలిసినచోట రంగు కాంతి కోల్పోతుంది.

అందువల్ల ట్యూబు మీద పీవీ 19 (PV19) అనే వర్ణకపు సంకేతమున్న గులాబీ ఛాయ ఎరుపును తెల్ల పింగాణీ పళ్లెంలో శనగగింజంత తీసుకొని, కుంచెను మొదలంటా కడిగి, గిన్నెలో నీళ్లు మార్చి, పీబీ 29 (PB29) సంకేతమున్న అల్ట్రామెరీన్ నీలాన్ని కుంచె కొసతో కొద్దికొద్దిగా చేర్చాను. మూడో విడతకు, రంగు పలుచగా పారిన పళ్లెం అంచున, స్వచ్ఛమైన నేరేడు ఛాయ కనిపించింది. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పీవీ 19 ఒకటి కంటే ఎక్కువ ఛాయల్లో దొరుకుతుంది కనుక గులాబీ ఛాయనే ఎంచుకోవాలి. పోస్టర్ రంగులతో నేను ప్రయత్నించలేదు. వాటిమీద సంకేతం లేకపోతే, ఎరుపును బాగా పలుచన చేసి తెల్ల కాగితంపై పూసి, అది గులాబీ వైపు వెళుతోందో నారింజ వైపు వెళుతోందో ముందుగా చూసుకోవడం మంచిది.