మన ఊరి ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా ఎక్కడెక్కడికి విమానాలున్నాయో చూసుకోవడం ఎలా

టికెట్ల సైట్లతో చిరాకు ఏంటంటే, ముందే ఎక్కడికో చెప్పాలి. గన్నవరం నుంచి నేరుగా ఏయే ఊళ్లకు విమానాలున్నాయో తెలియాలంటే ఒక్కో ఊరి పేరు కొట్టి చూస్తూ కూర్చోవాలి.

దానికి బదులు గూగుల్ ఫ్లైట్స్ తెరిచి, బయలుదేరే చోట వీజీఏ (గన్నవరం కోడ్, తిరుపతికైతే టీఐఆర్) అని కొట్టి, వన్ వే పెట్టి, వెళ్లే చోటు ఖాళీగా వదిలేసి ఎక్స్‌ప్లోర్ నొక్కండి. తర్వాత స్టాప్స్‌లో నాన్‌స్టాప్ ఒక్కటే ఉంచితే, నేరుగా వెళ్లే ఊళ్లు మాత్రమే మ్యాప్ మీద ధరతో సహా మిగులుతాయి. తేదీ ఒక్కటే పెట్టి వదలకండి, వారంలో రెండు మూడు రోజులే నడిచే సర్వీసులు ఆ రోజు లేకపోతే అసలు కనబడవు, కాబట్టి తేదీ మార్చి మార్చి చూడాలి.

ఇంకా తేలిక దారి వికీపీడియాలో ఆ ఎయిర్‌పోర్ట్ ఇంగ్లిష్ పేజీ. కిందికి వెళ్తే ఎడమవైపు ఎయిర్‌లైన్, కుడివైపు ఊళ్ల పేర్లతో పట్టిక ఉంటుంది, కొన్నిటి పక్కన సీజనల్ అనో, ఫలానా తేదీ నుంచి మొదలనో రాసి ఉంటుంది. అది చదవకుండా ప్లాన్ వేసుకోవద్దు.

ఒక్క జాగ్రత్త: విమానాల షెడ్యూళ్లు మార్చి చివర్లో, అక్టోబర్ చివర్లో మారతాయి, ఆ రోజుల్లో ఈ పట్టికను నమ్మలేం, ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టండి. అక్కడ కూడా "డైరెక్ట్" అని ఉంటే సరిపోదు, అదే నంబరు విమానం మధ్యలో ఎక్కడో దిగి మళ్లీ లేస్తుండొచ్చు. నాన్‌స్టాప్ అని ఉందో లేదో చూడండి.