ఇంట్లోనే కంప్యూటర్ రిపేరు – 4వ పాఠం: ఆట మధ్యలో రీస్టార్ట్

పోయిన పాఠంలో అసలు ఆన్ కాని కంప్యూటర్ సంగతి చూశాం. ఒక రకంగా అది తేలిక జబ్బు. ఎప్పుడు చూసినా పాడయ్యే ఉంటుంది కాబట్టి తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఈసారిది అలాంటిది కాదు. బ్రౌజర్ తెరిస్తే బాగుంటుంది, సినిమా పెడితే బాగుంటుంది, రెండు రోజులు వదిలేసినా నడుస్తూనే ఉంటుంది. ఆట మొదలుపెట్టిన పావుగంటకో అరగంటకో టప్పున తెర నల్లబడుతుంది, మళ్లీ మదర్‌బోర్డు కంపెనీ బొమ్మ కనబడుతుంది. షాపుకి మోసుకెళ్తే అక్కడ రోజంతా బుద్ధిగా నడుస్తుంది.

మా మేనల్లుడి కంప్యూటర్‌నే పాఠంగా తీసుకుంటున్నాను. వాడు విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (ప్లగ్గు కరెంటుని లోపలి భాగాలకి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా). మూడేళ్లు జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డుతో ఏ గొడవా లేకుండా నడిచింది. మొన్న ఏప్రిల్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3080 కొని తగిలించాడు. వారానికే ఫోన్.

"మామయ్యా, కార్డు పోయిందిది. అమ్మినవాడు నన్ను ముంచాడు."

"కార్డే పోయిందని ఎలా తెలిసిందిరా?"

"ఆడుతుంటే రీస్టార్ట్ అవుతోంది కదా."

"అది సరే. అయినప్పుడు నువ్వు ఏం చూశావో చెప్పు. ఏమనుకున్నావో వద్దు."

ఏం చెప్పలేకపోయాడు. నల్లబడింది, మళ్లీ వచ్చింది, అంతే.

ఈ పాఠంలో మొదటి పని నోటుపుస్తకం తీయడం. స్క్రూడ్రైవర్ తర్వాత. రీస్టార్ట్ అన్న ఒక్క మాట కింద జనం నాలుగైదు వేరువేరు జబ్బులు చెబుతుంటారు. ఆట ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనబడితే అది రీస్టార్ట్ కాదు, ఈ పాఠంలోది కూడా కాదు. నీలం తెర ఒక్క క్షణం మెరిసి పోవడం వేరు. బొమ్మ బిగుసుకుపోయి, స్పీకర్లో అదే శబ్దం గిర్రున తిరుగుతుంటే మనమే బటన్ నొక్కి ఆపడం వేరు. మొత్తం ఆరిపోయి, వెనకున్న స్విచ్చి ఆపి వేస్తేగానీ రాకపోవడం వేరు. ఆరిపోయి తనంతట తనే వెలగడం వేరు. వీటిలో మీది ఏదో తేలకపోతే మిగతా పాఠం చదివి లాభం లేదు.

వాడికి ఇంకో పని కూడా చెప్పాను: ఆరిపోయిన క్షణంలో మానిటర్ మూలనున్న చిన్న లైటు చూడమని. ఎందుకంటే మానిటర్‌కి, క్యాబినెట్‌కి కరెంటు ఒకే యూపీఎస్ నుంచి వెళ్తోంది. లైటు కూడా ఆరితే తప్పు క్యాబినెట్ బయట ఉంది. లైటు వెలుగుతూ, తెర మీద సిగ్నల్ లేదని వస్తుంటే తప్పు లోపల ఉంది. రెండు సాయంత్రాల్లో ఐదుసార్లు పోయింది. రెండుసార్లు బల్ల మీదున్నవన్నీ ఆరాయి. మూడుసార్లు క్యాబినెట్ ఒక్కటే. అంటే వాడు ఒకటే అనుకుంటున్న జబ్బు నిజానికి రెండు.

ముందు బయట

బల్ల మొత్తం ఆరిపోవడానికి కారణం తేలిగ్గానే దొరికింది. మన ఇళ్లలో కంప్యూటర్‌తో పాటు కొనే యూపీఎస్ మామూలుగా 600 వీఏది. చాలావాటి వెనక చిన్న అక్షరాల్లో 360 వాట్లు అని ఉంటుంది. అసలు లెక్క ఆ రెండోది. పాత కార్డు 125 వాట్లది, కాబట్టి ఇబ్బంది రాలేదు. కొత్తది 320 వాట్లది. సాయంత్రం పూట వోల్టేజీ పడిపోగానే యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది, 450 వాట్ల బరువు నెత్తిన పడగానే చేతులెత్తేస్తుంది. లైన్ కుదురుకున్నాక కొన్ని మోడళ్లు వాటంతటవే ఆన్ అవుతాయి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టి ఉంటే కంప్యూటర్ కూడా లేస్తుంది. చూసేవాడికి అచ్చం రీస్టార్ట్ లాగే ఉంటుంది.

యూపీఎస్ ముందుగా కీచుకీచుమని అరిచే ఉంటుంది. మావాడు చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు.

పరీక్ష ఏమీ లేదు. యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ రెండూ తీసేసి, ఎర్తింగ్ ఉన్న గోడ ప్లగ్గులో నేరుగా పెట్టి ఆడటమే. ఇంటికి ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్చి ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు మారే ఆ కాస్త వ్యవధికే కంప్యూటర్ పడిపోవచ్చు.

గోడ ప్లగ్గుకి మార్చాక బల్ల మొత్తం ఆరడం ఆగింది. క్యాబినెట్ ఒక్కటే పోవడం మాత్రం ఆగలేదు.

విండోస్ రాసిన చీటీ

స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కి, రీస్టార్ట్ అయిన సమయం దగ్గరికి వెళ్లండి. ఎర్ర గుర్తుతో కెర్నెల్ పవర్, ఈవెంట్ 41 కనబడుతుంది. అందులో పవర్ అన్న మాట చూడగానే చాలామంది ఎస్‌ఎంపీఎస్ కొనడానికి బయల్దేరతారు. ఆగండి. ఆ చీటీ ఆరిపోయినప్పుడు రాసింది కాదు, మళ్లీ లేచాక రాసింది. నిద్రపోయిన వాచ్‌మన్ పొద్దున లేచి గేటు తెరిచి ఉందని పుస్తకంలో రాసినట్టు. ఎవరు తెరిచారో వాడికీ తెలియదు.

పనికొచ్చేది దాని లోపల డీటెయిల్స్ ట్యాబ్‌లో ఉండే బగ్‌చెక్ కోడ్. అక్కడ సున్నా కాక వేరే అంకె ఉంటే విండోస్ నీలం తెర వేసే పడిపోయిందని అర్థం. 292 ఉంటే (పదహారు చొప్పున లెక్కించే హెక్స్ లెక్కలో 124) హార్డ్‌వేర్ తప్పుని ప్రాసెసర్ స్వయంగా పట్టుకుందని. 278 అయితే (హెక్స్‌లో 116) గ్రాఫిక్స్ డ్రైవర్ బదులు పలకలేదని. సున్నా ఉంటే మాత్రం విండోస్‌కి ఒక్క మాట రాసుకునే సమయం కూడా దొరకలేదన్నమాట. సున్నా కూడా ఒక ఆధారమే.

సున్నా చూడగానే ఎస్‌ఎంపీఎస్ అని తీర్పు చెప్పకుండా, అదే సమయంలో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు రాసిపెట్టే విండోస్ భాగం) పేరుతో ఈవెంట్ 18 ఉందేమో కూడా చూడాలి. క్యాష్ హైరార్కీ ఎర్రర్ అని అందులో ఉంటే అనుమానం ప్రాసెసర్ మీదికి, దానికి మీరు పెట్టిన ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టినదానికంటే ఎక్కువ వేగం) మీదికి, ర్యామ్ స్పీడ్ సెట్టింగ్ మీదికి వెళ్లాలి. రైజెన్ మెషీన్లలో నీలం తెర లేకుండానే ఇలా పడిపోవడం ఉంది. అప్పుడు బయోస్‌ని డిఫాల్ట్‌కి తెచ్చి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆపేసి మళ్లీ ఆడి చూడటమే మొదటి మందు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ వాడేవాళ్లు బయోస్ అప్‌డేట్ చేశారో లేదో కూడా చూసుకోండి. వోల్టేజీ వల్ల వాటిలో కొన్ని అస్థిరంగా మారుతున్నాయని 2024లో కంపెనీయే ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) మార్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయదు.

ఇంకొకటి. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ. అక్కడ ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అవ్వమనే టిక్ తీసేయండి. ఇక నీలం తెర వస్తే మీరు చదివేదాకా నిలబడి ఉంటుంది. టిక్ తీశాక కూడా తెర నల్లబడి నేరుగా రీస్టార్ట్ అయితే విండోస్ చేతిలో లేని పని జరుగుతోందని నమ్మొచ్చు. మావాడికి అదే అయింది. కోడ్ సున్నా, ఈవెంట్ 18 లేదు, నీలం తెర లేదు.

మధ్యలో నా సిగ్గు సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నా కంప్యూటర్ ఇలాగే చేస్తుంటే ర్యామ్ మార్చాను, తర్వాత ఎస్‌ఎంపీఎస్ మార్చాను. చివరికి తేలిందేమిటంటే క్యాబినెట్ ముందున్న రీసెట్ బటన్ లోపల ఇరుక్కుని, ఫ్యాన్ల అదురుకి తగులుతోంది. మదర్‌బోర్డు నుంచి ఆ బుల్లి రెండు పిన్నుల వైరు పీకేస్తే సరిపోయింది. పైసా ఖర్చు లేని పరీక్ష కాబట్టి మీరూ ముందే చేసేయండి.

వేడి

విజయవాడ ఎండల్లో ఎవరికైనా మొదటి అనుమానం దీని మీదే. కానీ వేడి చెప్పకుండా రాదు. ప్రాసెసరైనా గ్రాఫిక్స్ కార్డైనా హద్దు దగ్గరపడగానే ముందు వేగం తగ్గించుకుంటాయి, ఆట నత్తనడక నడుస్తుంది. ఇంకా మితిమీరితే ఆరిపోతుంది, అదీ ఎక్కువగా ఆరి అలాగే ఉండిపోతుంది.

ఊహ వద్దు, అంకెలు చూద్దాం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి లాగింగ్ మొదలుపెట్టి ఆడండి. పడిపోయాక ఆ ఫైల్లో ఆఖరి వరసలు చూడండి. ఈ ప్రాసెసర్ హద్దు 95 డిగ్రీలు. మావాడిది 71. కార్డు 76. దాని మెమరీ మాత్రం 94. 3080లో అది 110 దాకా వెళ్తేగానీ వేగం తగ్గదు. కాబట్టి వేడి నిర్దోషి. అదే ఫైల్లో 12 వోల్టుల వరస కూడా ఉంటుంది. 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలన్నది నియమం. మదర్‌బోర్డు చెప్పే ఆ అంకెని మరీ నమ్మకండి, క్షణంలో వందో వంతులో జరిగేది దానికి అందదు.

బోరు మోటారు లెక్క

క్యాబినెట్ ఒక్కటే పోయిన మూడుసార్లూ ఎప్పుడు పోయిందో వాడు రాశాడు. రెండుసార్లు లోడింగ్ అయిపోయి రేసు మొదలయ్యేటప్పుడు. ఒకసారి మెనూలో, ఏమీ ఆడకుండా. ఆ మెనూ సంగతి వినగానే నాకు దారి కనబడింది. మెనూలో బొమ్మ తేలిక, అడ్డు లేకపోతే కార్డు సెకనుకు వందల ఫ్రేములు గీసిపారేస్తుంది. ఖాళీ నుంచి నిండు పనికి కార్డు ఒక్కసారిగా దూకే చోట్లే ఇవన్నీ.

సగటు లెక్క వేస్తే కార్డు 320, ప్రాసెసర్ 76, మిగతావన్నీ కలిపి ఓ 50. మొత్తం 450 దాటదు, 550 ఉంది కదా అనిపిస్తుంది. కానీ బోరు మోటారు వేసిన క్షణంలో ఇంట్లో లైట్లు ఎందుకు డిమ్మవుతాయి? ఎక్కేటప్పుడు అది లాగే కరెంటు, నడిచేటప్పుడు లాగేదానికి ఎన్నో రెట్లు. ఇలాంటి కార్డులూ అంతే, కొన్ని మిల్లీసెకన్ల పాటు సగటుని బాగా దాటి లాగుతాయి. ఎస్‌ఎంపీఎస్ లోపలి రక్షణ దాన్ని షార్ట్ అనుకుని కట్టేస్తుంది. అందుకే 3080కి తయారీదారు చెప్పింది 750 వాట్లు. 2022లో ఎస్‌ఎంపీఎస్‌లకి వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ దూకుళ్లనే దృష్టిలో పెట్టుకుంది. దానికి తగ్గ పెద్ద ఎస్‌ఎంపీఎస్ 100 మైక్రోసెకన్ల పాటు తన సామర్థ్యానికి రెట్టింపు మోయాలి.

దీన్ని పట్టుకునే పరీక్షకి డబ్బు అక్కర్లేదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్‌ని (కార్డు లాగే కరెంటు హద్దుని) 70 శాతానికి దించండి, ఫ్రేములు 60కి కట్టేయండి. అదే ఆట, అదే రేసు. మావాడు మూడు గంటలు ఆడాడు, ఏమీ కాలేదు. మళ్లీ వందకి పెంచితే 25 నిమిషాల్లో పోయింది. ఒకసారితో ఒప్పుకోలేదు నేను, అటూ ఇటూ మూడేసిసార్లు చేయించాను. కార్డుని నిండా పనిచేయించి పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రామ్ అరగంట నడిచింది కదా అని ఎస్‌ఎంపీఎస్‌కి క్లీన్ చిట్ ఇవ్వకండి. అది నిలకడగా లాగుతుంది, ఇక్కడ చంపేది ఊపు.

తర్వాత పక్క తలుపు తీసి కేబుళ్ల ఫొటో పంపమన్నాను. కార్డులో రెండు 8 పిన్నుల సాకెట్లు. రెండింటికీ ఒకే కేబుల్, చివర తోకలా ఇంకో తల. ఒక్కో సాకెట్ వాటా 150 వాట్లు, ఆ రెండు వాటాలూ ఒకే వైరు మోస్తోంది. ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన రెండో కేబుల్ అట్టపెట్టెలో సీలు విప్పకుండా ఉంది. విడివిడిగా తగిలించాక ఆ రాత్రంతా బాగా నడిచింది. పండగ చేసుకున్నాడు. మర్నాడు సాయంత్రం గంటన్నరకి మళ్లీ పోయింది.

"మరి ఎస్‌ఎంపీఎస్ కొనేయనా మామయ్యా?"

"కొనకు. ఎవరిదైనా అడిగి తెచ్చుకో."

70 శాతం దగ్గర బాగుంటే ఎస్‌ఎంపీఎస్ తప్పు కావచ్చు, కార్డు మీది కరెంటు భాగాల తప్పూ కావచ్చు. ఈ రెండింటినీ విడదీసేది మార్పిడి ఒక్కటే. ఇక్కడ ఒక హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్ మారిస్తే దానితో వచ్చిన కేబుళ్లే వాడండి. ఊడదీసే కేబుళ్లు చూడటానికి ఒకలాగే ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకొకలా ఉంటుంది. తప్పుడు కేబుల్‌తో హార్డ్‌డిస్కులు కాలిపోతాయి.

ఫ్రెండ్ దగ్గర 850 వాట్లది తెచ్చి నాలుగు రోజులు ఆడాడు. ఒక్కసారీ పోలేదు. కార్డు నిక్షేపంలా ఉంది. అమ్మినతనికి వాడు పంపిన తిట్ల మెసేజీలు డిలీట్ చేసుకున్నాడో లేదో నేను అడగలేదు.

ఇంటి పని

మీ కంప్యూటర్ బాగానే ఉన్నా సరే ఈ వారం మూడు పనులు చేయండి. యూపీఎస్ వెనక వాట్లు ఎన్నో చూసి రాయండి. కార్డుకి ఎన్ని కేబుళ్లు వెళ్తున్నాయో లెక్కపెట్టండి. ఈవెంట్ వ్యూయర్‌లో గత నెల రోజుల్లో 41 ఎన్నిసార్లు ఉందో, ప్రతిదాని లోపలా ఏ కోడ్ ఉందో పక్కనే రాయండి. కరెంటు పోయిన రోజులవి కూడా అందులో ఉంటాయి, వాటిని మీరే గుర్తుపట్టి కొట్టేయండి. మిగిలినవాటిలో సున్నా కానివి ఉంటే ఆ పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఐదో పాఠం ర్యామ్ మీద, పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్ వేసుకుని రాత్రంతా నడపడంతో మొదలవుతుంది.