స్నానాల గది ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోత: కారణం పట్టుకోవడం, సరిచేయడం, అవసరమైతే మార్చడం

స్నానాల గదిలోని ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోత మొదలుపెట్టగానే, మోటారు పాడైపోయిందని తీర్మానించుకుని కొత్త ఫ్యాన్ కొనేవారు చాలామంది ఉంటారు. మోటారులో ఏ లోపమూ లేకుండానే, వదులైన ఒక స్క్రూ వల్లో, రెక్కలకు ఒకవైపు పేరుకున్న మురికి వల్లో, బయటివైపు కొట్టుకుంటున్న షట్టర్ పలక వల్లో కూడా అంతే మోత రావచ్చు. అందువల్ల స్క్రూడ్రైవర్ చేతపట్టే ముందు కాసేపు ఫ్యాన్ దగ్గర నిలబడి, ఆ శబ్దం ఎలాంటిదో శ్రద్ధగా వినడం మంచిది.

వినడానికి ఒక పద్ధతి ఉంది. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుండగా స్విచ్ ఆపి, రెక్కలు నిలిచిపోయేదాకా వినాలి. స్విచ్ ఆపిన క్షణంలోనే, రెక్కలు ఇంకా తిరుగుతూ ఉండగానే శబ్దం ఆగిపోతే, అది విద్యుత్తు వల్ల పుట్టిన హోరు. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట మోటారులోని ఇనుప రేకులు సెకనుకు 100 సార్లు కంపించడం వల్ల ఆ గుయ్‌మనే శబ్దం పుడుతుంది. అలా కాకుండా రెక్కల వేగంతోపాటే శబ్దం కూడా మెల్లగా తగ్గుతూ పోతే, లోపం రెక్కల్లోనో, బేరింగులోనో, బిగింపుల్లోనో ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది. ఇక వేగంతో పాటు తాళం వేసినట్టు టకటకమంటే రెక్క దేనికో తగులుతోందని, కీచుమంటే షాఫ్ట్ (ఇరుసు) తిరిగే చిన్న లోహపు గొట్టం, అంటే బుష్‌లో నూనె ఎండిపోయిందని, గులకరాళ్లు దొర్లినట్టు గరగరమంటే బాల్ బేరింగు అరిగిందని, గాలి వీచినప్పుడు మాత్రమే తపతపమంటే షట్టర్ పలకలు కొట్టుకుంటున్నాయని భావించవచ్చు.

విప్పే ముందు గోడ మీది స్విచ్ ఆపితే సరిపోదు. కొన్ని ఇళ్లలో వైరింగ్ తప్పుగా చేసి స్విచ్‌ను ఫేజ్ తీగకు బదులు న్యూట్రల్ తీగకు పెట్టి ఉంటారు. అప్పుడు స్విచ్ ఆపినా మోటారు దాకా కరెంటు ఉంటుంది. ఆ గదికి వచ్చే ఎం.సి.బి.ని, అంటే మెయిన్ బోర్డులోని బ్రేకర్ స్విచ్‌ను ఆపి, ఇంట్లో మరెవరూ దాన్ని తిరిగి వేయకుండా చెప్పి ఉంచి, పనిచేస్తున్నదని ముందే మరోచోట చూసుకున్న టెస్టర్‌తో తీగలను పరీక్షించాలి. తడి నేల మీద, తడి చేతులతో ఈ పని తలపెట్టకూడదు. ఎత్తు మీది పని కాబట్టి కదలని నిచ్చెన కావాలి. బకెట్టు బోర్లించి ఎక్కడం మనకు అలవాటే గానీ, ఇక్కడ అది పనికిరాదు.

మొదట ఖర్చు లేని కారణాలను చూడాలి. ఫ్యాన్ చట్రాన్ని అరచేతితో గోడకు గట్టిగా అదిమినప్పుడు శబ్దం తగ్గితే, బిగింపు స్క్రూలు వదులయ్యాయని అర్థం. దీన్ని మాత్రం ఫ్యాన్ తిరుగుతుండగానే, రెక్కలకు దూరంగా, పొడి చేత్తో చూడాలి. గోడలో స్క్రూను పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గు అరిగిపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంటే, ఎంత బిగించినా లాభం లేదు; కాస్త పెద్ద ప్లగ్గు దిగవేయాలి. షట్టర్ పలకల కీళ్లలో దుమ్ము చేరితే అవి సగమే తెరుచుకుని గాలికి కొట్టుకుంటాయి. వాటిని సబ్బునీటితో కడిగి ఆరబెడితే చాలు.

తరువాతి వంతు రెక్కలది. ఆవిరికి తడిసిన దుమ్ము రెక్కల అంచుల మీద పెచ్చులుగా గట్టిపడుతుంది. అది అన్ని రెక్కలకూ సమానంగా పట్టదు కాబట్టి బరువు ఒకవైపు మొగ్గి, ఫ్యాన్ మొత్తం అదరడం మొదలవుతుంది. ఆ అదురు క్రమంగా బేరింగును కూడా తినేస్తుంది. రెక్కలు షాఫ్ట్‌కు ఒక చిన్న స్క్రూతో గానీ, మధ్యలో ఒక నట్టుతో గానీ బిగించి ఉంటాయి. కొన్ని ఫ్యాన్లలో ఈ నట్టు మామూలు నట్టుకు ఎదురు దిశలో ఊడుతుంది. రాకపోతే బలం పెట్టే ముందు దాని మీద బాణం గుర్తు ఉందేమో చూడాలి. రెక్కలను గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో తోమాలి గానీ, మోటారు మీద మాత్రం నీటి చుక్క పడకూడదు. దానికి పొడి బ్రష్ చాలు. తిరిగి బిగించాక, గోడ ఫ్యాన్ అయితే రెక్కలను చేత్తో మెల్లగా తిప్పి వదలాలి. ప్రతిసారీ ఒకే రెక్క కిందికి వచ్చి ఆగుతుంటే ఆ రెక్క బరువుగా ఉన్నట్టు. రెక్క కొనల పక్కన ఒక పెన్సిల్‌ను కదలకుండా పట్టుకుని తిప్పితే, ఏ రెక్క వంగిందో కూడా తెలుస్తుంది. పగిలిన రెక్కను జిగురుతో అతికించి వాడటం ప్రమాదకరం.

ఇంత చేసినా శబ్దం తగ్గకపోతే, లోపం షాఫ్ట్ తిరిగే చోట ఉందని చెప్పవచ్చు. చిన్న ఫ్యాన్లలో చాలావాటికి బాల్ బేరింగు ఉండదు. కంచు పొడిని అచ్చులో అదిమి, కాల్చి చేసిన బుష్ ఉంటుంది. కంటికి కనబడని సన్నని రంధ్రాలతో నిండిన ఆ లోహం నూనెను పీల్చుకుని ఉంచుకుంటుంది, షాఫ్ట్ తిరిగి వేడెక్కినప్పుడు ఆ నూనెను కొద్దికొద్దిగా వదులుతుంది. చుట్టూ ఉన్న ఫెల్ట్ (ఒత్తి చేసిన ఉన్ని) ఉంగరం నూనె నిల్వ. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె ఇంకిపోయి, మిగిలినది దుమ్ముతో కలిసి జిగురుగా మారినప్పుడు కీచుమనే శబ్దం మొదలవుతుంది. బుష్ ఎండిందా, అరిగిందా అన్నది తేల్చుకోవడానికి షాఫ్ట్ కొనను వేళ్లతో పట్టుకుని పక్కలకు కదపాలి. ముందుకూ వెనక్కూ కొద్దిపాటి కదలిక సహజమే. పక్కలకు ఆట ఉంటే మాత్రం బుష్ అరిగినట్టే, ఎంత నూనె పోసినా అది కొద్దిరోజుల ముచ్చటే.

ఆట లేకపోతే పాత జిడ్డును గుడ్డతో తుడిచి, పలుచని మెషిన్ ఆయిల్‌ను, అంటే కుట్టుమిషన్‌కు వాడే రకాన్ని, రెండు మూడు చుక్కలు ఫెల్ట్ మీద వేసి, షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ ఇంకనివ్వాలి. చాలామంది చేసే పొరపాట్లు రెండు ఉన్నాయి. తుప్పు వదిలించే స్ప్రేను కొట్టగానే శబ్దం మాయమవుతుంది; కానీ అది ఉన్న కాస్త పాత నూనెను కూడా కరిగించి, తాను ఆవిరైపోతుంది. కొన్నాళ్లకు కీచుమనే శబ్దం మునుపటికంటే గట్టిగా తిరిగి వస్తుంది. రెండోది, అందుబాటులో ఉందని వంటనూనె వేయడం. అది గాలికి జిగురుగా మారి షాఫ్ట్‌ను పట్టేస్తుంది. మెషిన్ ఆయిల్ అయినా మితిమీరితే మంచిది కాదు; ఎక్కువైన నూనె రెక్కల మీదికి చిమ్మి దుమ్మును పట్టుకుంటుంది.

బాల్ బేరింగు ఉన్న ఫ్యాన్‌లో గరగర వినిపిస్తే నూనె జోలికి పోకుండా బేరింగునే మార్చాలి. దాని అంచు మీద చెక్కిన నంబరే దాని కొలత. ఉదాహరణకు 608 అని ఉంటే లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22 మి.మీ., మందం 7 మి.మీ. అని అర్థం. స్నానాల గదికి రెండువైపులా రబ్బరు సీలు ఉన్న రకం తీసుకోవడం మేలు. షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి ఉంగరం మీదే పడాలి. బయటి ఉంగరం మీద సుత్తితో కొడితే గోళీల దారి సొట్టబోయి కొత్త బేరింగు మొదటిరోజు నుంచే మోగుతుంది.

ఫ్యాన్ హోరు పెడుతూ తిరగడానికి మొరాయిస్తే మరో పరీక్ష ఉంది. కరెంటు ఆపి రెక్కలను చేత్తో తిప్పాలి. బిగుసుకుని ఉంటే లోపం బుష్‌ది. తేలిగ్గా చాలాసేపు తిరిగితే, మోటారు తిరగడం మొదలుపెట్టడానికి తోడ్పడే కెపాసిటర్‌ను అనుమానించాలి. దాని బదులు వేసేది అదే మైక్రోఫారాడ్ విలువతో, అంతకు తగ్గని వోల్టేజితో ఉండాలి. కరెంటు ఆపిన తరువాత కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కాబట్టి దాని కొనలను వేళ్లతో ముట్టుకోకూడదు. కొన్ని చిన్న మోటార్లకు అసలు కెపాసిటరే ఉండదు. బిగుసుకుపోయిన మోటారుకు కరెంటు ఇస్తూ పోతే వైండింగ్ కాలి మంట కూడా రావచ్చు. మాడు వాసన వస్తే ఇక మరమ్మతు ఆలోచన వదిలేయడమే. రెగ్యులేటర్‌తో నడిచే ఫ్యాన్ తక్కువ వేగంలో మాత్రమే హోరుమంటే, తప్పు ఫ్యాన్‌ది కాకుండా రెగ్యులేటర్‌దే కావచ్చు.

ఫ్యాన్‌లో ఏ లోపమూ లేకుండానే మోత వచ్చే సందర్భం ఒకటుంది. బయటికి పంపినంత గాలి లోపలికి రావాలి. తలుపు కింద సందు లేకుండా గదిని బిగించేస్తే ఫ్యాన్ గాలి కోసం పెనుగులాడుతూ హోరెత్తుతుంది. తలుపు కొద్దిగా తెరవగానే శబ్దం మారితే ఇదే కారణం. తలుపు కింద వేలెడు సందు ఇస్తే సరిపోతుంది. పైకప్పులో గొట్టం ఉన్న ఫ్యాన్ అయితే ఆ గొట్టం జారి వంకరపోయిందేమో, పల్లంలో ఆవిరి నీరై నిలిచిందేమో చూడాలి. నీరు వెనక్కి కారితే మోటారుకే చేటు, కనుక గొట్టం బయటివైపుకు వాలుగా ఉండాలి.

మార్చక తప్పదనుకుంటే ముందు గోడ రంధ్రాన్ని కొలవాలి, తరువాత గదిని. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 7.2 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు 10 సార్లు ఆ గాలి మారాలంటే 72 ఘనపు మీటర్ల సామర్థ్యం కావాలి. గొట్టం ఉంటే కొంత ఎక్కువే తీసుకోవాలి. అట్ట మీది డెసిబెల్ అంకెలను పోల్చేటప్పుడు వాటిని ఎంత దూరం నుంచి కొలిచారో చూడాలి. 3 మీటర్ల నుంచి కొలిచిన అంకె 1 మీటరు నుంచి కొలిచినదానికంటే ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్టు వినిపిస్తుంది. నీటి తుంపరలు పడే చోటైతే ఐపీఎక్స్4 గుర్తు ఉండాలి. గోడకు మాత్రమే ఉద్దేశించిన బుష్ ఫ్యాన్‌ను పైకప్పుకు బిగించకూడదు.

పాత ఫ్యాన్ తీగలను విప్పే ముందు ఫోటో తీసుకుని, ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ తీగలకు గుర్తులు పెట్టుకోవాలి. వైరింగ్ గందరగోళంగా కనిపిస్తే అక్కడితో ఆగి ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే తెలివైన పని. చట్రానికీ గోడకూ మధ్య స్పాంజి పట్టీ వేసి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒక మూలను మొదటే పూర్తిగా బిగిస్తే ప్లాస్టిక్ చట్రం మెలితిరిగి రెక్క రాసుకుంటుంది. తీగను, అది ఫ్యాన్ కనెక్షన్ పెట్టెలోకి చేరే ముందు, కొద్దిగా కిందికి వేలాడేలా ఉంచితే, దాని వెంట జారిన నీరు లోపలికి పోకుండా అక్కడే రాలిపోతుంది. కరెంటు ఇచ్చే ముందు రెక్కలను చేత్తో రెండు చుట్లు తిప్పి చూసి, ఆ తరువాత ఎం.సి.బి. వేసి, తలుపు మూసి, పలుచని కాగితం ముక్కను జాలీ దగ్గర పెట్టాలి. కాగితం అతుక్కుని నిలవాలి, స్విచ్ ఆపగానే అది రాలి పడాలి, షట్టర్ పలకలు వాటంతటవే మూసుకోవాలి.