మానవ హక్కుల కమిషన్ విచారణకు స్వీకరించేలా ఫిర్యాదు ఎలా రాయాలి?

శ్రీకాకుళం జిల్లాలో ఏ అర్జీ అయినా సాధారణంగా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే గ్రీవెన్స్‌తో మొదలవుతుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రశీదులు పోగేసుకుంటూ ఏడాది గడిపేస్తే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లే దారి మూసుకుపోతుంది. మానవ హక్కుల పరిరక్షణ చట్టం, 1993లోని 36వ సెక్షన్ ప్రకారం ఘటన జరిగిన నాటి నుంచి ఏడాది దాటిన విషయంపై కమిషన్ విచారణ జరపరాదు. అధికారి జవాబు ఇచ్చిన తేదీ నుంచి కాదు, హక్కుకు భంగం కలిగిన తేదీ నుంచే గడువు లెక్క. కాబట్టి మొదట ఆ తేదీని కాగితం మీద రాసుకోవాలి. గ్రీవెన్స్‌లో అర్జీ నడుస్తున్నా కమిషన్‌కు రాయవచ్చు. మరో చట్టబద్ధ కమిషన్ ముందున్న విషయమైతే మాత్రం వీలుకాదు. కోర్టులో నడుస్తున్న వ్యవహారాలను కూడా సాధారణంగా స్వీకరించరు.

తరువాత తేల్చుకోవలసినది, తప్పు ఎవరిదన్నది. ఎక్కువ అర్జీలు బోల్తా పడేది ఇక్కడేనని నా అభిప్రాయం. ప్రభుత్వోద్యోగి స్వయంగా హక్కును కాలరాసి ఉండాలి, లేదా అందుకు తోడ్పడి ఉండాలి, లేదా ఆపవలసిన చోట నిర్లక్ష్యం వహించి ఉండాలి. ఇద్దరు రైతుల మధ్య గట్టు తగాదా సివిల్ వివాదమే తప్ప కమిషన్ పని కాదు. అదే తగాదాలో రాజీకి ఒప్పుకోమని పోలీసులు ఒకరిని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచకుండా రెండు రోజులు స్టేషన్‌లో ఉంచితే, ఇరవై నాలుగు గంటల నియమం ఉల్లంఘించినట్లే. అప్పుడు ఫిర్యాదు గట్టు గురించి కాక ఆ రెండు రోజుల గురించే రాయాలి.

ఏ కమిషన్‌కు పంపాలన్నది మూడవది. పోలీసు, జైళ్లు, ప్రభుత్వాసుపత్రులు రాజ్యాంగం రాష్ట్రాలకు అప్పగించిన విషయాల జాబితాలోనివి (రాష్ట్ర జాబితా) కనుక రాష్ట్ర కమిషన్‌కు. రైల్వేల వంటి కేంద్ర జాబితా విషయాలు ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కు వెళ్లాలి. అయితే రైల్లో జరిగినదంతా ఢిల్లీదే అనుకోరాదు: ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) కేంద్రానిది, రైల్వే స్టేషన్లలో కేసులు నమోదు చేసే జీఆర్‌పీ (ప్రభుత్వ రైల్వే పోలీసు) రాష్ట్ర పోలీసు విభాగం. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో జరిగినదానికి ఆ రాష్ట్ర కమిషన్ ఉంది.

ఇక రాయడం. తెలుగులోనే, ఒకటి రెండు పేజీల్లో, బాధితుని పేరు, చిరునామా, జరిగిన తేదీ, సమయం, స్థలం, బాధ్యుడైన ఉద్యోగి పేరు లేదా హోదా, కోరుతున్న ఉపశమనం వరుసగా ఉండాలి. బాధితుడు రాయలేకపోతే అతని తరఫున మరొకరు రాయవచ్చు. సంతకం లేని ఆకాశరామన్న ఉత్తరాలు మాత్రం పనికిరావు. కలెక్టరుకు రాసిన అర్జీకి అడుగున "నకలు: కమిషన్‌కు" అని చేర్చి పంపడం మనవాళ్లకు అలవాటు. అలాంటి నకలును ఫిర్యాదుగా పరిగణించరు కనుక, కమిషన్‌నే సంబోధిస్తూ వేరుగా రాయాలి. రుసుము లేదు. వైద్య పత్రాలు, గ్రీవెన్స్ రశీదుల జిరాక్సులు జతచేసి, అసలువి ఇంట్లోనే ఉంచుకోవాలి.

పంపే ముందు కమిషన్ ప్రస్తుత చిరునామా సరిచూసుకుని, స్పీడ్ పోస్టులో వేసి రశీదు దాచాలి. కమిషన్ చేసేది సిఫారసే కనుక, కోర్టు ఉత్తర్వు కావలసినంత పెద్ద వ్యవహారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కూడా కలవడం మంచిది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి అక్కడ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.