రాష్ట్ర రహదారి వ్యాసాన్ని సమీక్షించడం ఎలా

వికీపీడియాలో రాజీవ్ రహదారి వ్యాసం మీ ముందుందనుకోండి. మ్యాపు తెరిచి మార్గాన్ని ఊరూరా సరిచూడండి: హైదరాబాద్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి, రామగుండం.

పొడవు సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే పెట్టె) ఒకటి, పాఠ్యంలో మరొకటి, కూడళ్ల పట్టికలో ఇంకొకటి ఉండటం మామూలే. మూడూ ఒకే మూలం నుంచి రావాలి. రోడ్లు భవనాల శాఖ జాబితా అయితే మేలు.

అసలు తప్పులన్నీ నంబర్ల దగ్గరే. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మారాయి: హైదరాబాద్ మీదుగా వెళ్లే పాత 7 ఇప్పుడు 44, విజయవాడ వైపు పాత 9 ఇప్పుడు 65. 2014 జూన్ 2కు ముందరి మూలాల్లో రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. అందుకే ప్రతి మూలం తేదీ చూడండి. పాత నంబరును చెరిపేయకండి, చరిత్ర విభాగంలోకి మార్చండి.

‘త్వరలో విస్తరణ’ అన్న వార్తను పూర్తయిన పనిగా రాస్తే వ్యాసాన్ని వెనక్కి పంపండి.