పాత తుపాకీకి కొత్త మెరుపు పెట్టించే ముందు

మా తాతయ్య డబుల్ బ్యారెల్ తుపాకీ మీద పాము కుబుసం లాంటి గీతలుండేవి. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి కొలిమిలో అతికిన డమాస్కస్ బ్యారెళ్లవి. నాన్న పోయాక లైసెన్సు నా పేరు మీదకు వచ్చింది. గుంటూరు వానాకాలానికి అక్కడక్కడా తుప్పు లేచిందని, “కొత్తదానిలా చేసిస్తాం” అన్నవాళ్ల చేతిలో పెట్టాను. నల్లగా, అద్దంలా తిరిగొచ్చింది. అంతకుముందు తుప్పుతో ఉన్న ఫొటో చూసి మంచి ధర చెప్పిన పెద్దాయన ఒకరు హైదరాబాద్ నుంచి వచ్చి చేతిలోకి తీసుకుని, “అరగదీసేశారు బాబూ” అని పక్కన పెట్టేశారు. సగం ధరకి కూడా వద్దన్నారు.

ఆయన ఆ రోజు నాకు చూపించినవే మీకు చెబుతున్నాను. ఇంట్లో వారసత్వంగా వచ్చినా, లైసెన్సు ఉండి కొనబోతున్నా పనికొస్తాయి.

ముందు తుపాకీ తెరిచి రెండు బ్యారెళ్లూ ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత పగటి వెలుగులో కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. బ్యారెల్‌ను కొద్దిగా వాల్చి, దాని పైభాగం మీద కిటికీ ఊచ నీడ ఎలా పడుతుందో చూడండి. ఆ నీడ తిన్నగా సాగాలి. నీళ్లలో కదిలినట్టు వంకరపోతే మెరుగుపెట్టే బఫింగ్ చక్రం మీద ఎవరో గట్టిగా అదిమారని అర్థం.

ఇప్పుడు భూతద్దంతో అక్షరాలు చూడండి. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. మా తుపాకీ మీద ఇంగ్లిష్‌లో ‘నాట్ ఫర్ బాల్’ అని, అంటే ఒంటి గుండు కాల్చడానికి కాదని, ఉండేది. తుపాకీలను కాల్చి పరీక్షించే బర్మింగ్‌హామ్, లండన్ ప్రూఫ్ హౌస్‌లు 1875 నుంచి 1887 వరకు కొన్ని షాట్‌గన్‌లకు కొట్టిన ముద్ర అది. ఆ మూడు మాటలే ఆ తుపాకీ వయసు చెప్పేవి. ఇప్పుడు మధ్య మాట ఒక్కటే, అదీ సగం, గోటికి తగులుతుంది. వాడకం వల్లా అక్షరాలు అరుగుతాయి కదా అంటారేమో. అరుగుతాయి. కానీ అప్పుడు వాటితో పాటు చుట్టూ ఉన్న రంగు కూడా పోతుంది. అక్షరం అరిగిపోయి, దాని మీద రంగు మాత్రం నిగనిగలాడుతుంటే, అది తర్వాత పూసిందే. తుప్పు తిన్న గుంటల అడుగున కూడా నల్లరంగు ఉంటే అదే లెక్క. స్క్రూ రంధ్రాల అంచులు పళ్లెంలా లోపలికి జారినా అంతే.

చెక్క దగ్గర కళ్లు మూసుకుని వేలితో చూడండి. మంచి పనివాడు చేసినదాంట్లో చెక్క లోహం కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. ఉప్పుకాగితంతో రుద్దేస్తే కిందికి దిగిపోతుంది, వేలు తట్టుకుంటుంది. చేతిపట్టు కోసం చెక్కిన గళ్లలో మెలమైన్ పాలిష్ గడ్డకట్టి ఉంటే ఆ పని ఫర్నిచర్ లెక్కన జరిగిందన్నమాట.

డబుల్ బ్యారెల్‌కి ఇంకో ప్రమాదం ఉంది. రెండు బ్యారెళ్లను కలిపే పట్టీని మెత్తటి టంకంతో అతుకుతారు. లోహానికి నలుపు పట్టించే వేడి బ్లూయింగ్‌లో వాడే కాస్టిక్ ద్రావణం ఆ టంకాన్ని తినేస్తుంది. చెక్క నుంచి విడదీసిన బ్యారెళ్ల జతను వేలికి వేలాడదీసి మెల్లగా తట్టండి. గంటలా మోగితే మంచిది. ఓటికుండలా మోగితే పట్టీ వదులైనట్టే. అరగదీసిన బ్యారెల్ గోడ పలచబడుతుంది కూడా, అందుకే మాది కాల్చడం మానేశాం.

నంబరు సంగతి ఇంకా పెద్దది. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 8 ప్రకారం తుపాకీ మీది పేరు, నంబరు చెరిపేయడం నేరం. మాదాంట్లో చివరి అంకె 3 అనాలో 8 అనాలో తెలియకుండా అరిగిపోయింది. రెన్యువల్ రోజు నేను పడ్డ టెన్షన్ మీకొద్దు.

మరి తుప్పు వస్తే? పలచటి గన్ ఆయిల్ ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున నూలుగుడ్డతో తుడవండి. మొండిది ఉంటే వెదురుపుల్లతో గీకండి, ఇనుప పీచు వద్దు. చెక్కకు అరచేతిలో రెండు చుక్కల అవిసె నూనె చాలు. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది, అందులో దాచకండి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసే ముందు నూనె పట్టించి, అక్షరాలకూ నంబరుకూ దగ్గరగా ఫొటోలు తీసుకోండి. తిరిగొచ్చిన రోజే తుడవండి. రిపేరు అవసరమైతే లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లండి. “మెరిపించి ఇస్తాను” అనేవాడికి కాకుండా “ఎందుకు మెరిపించడం?” అని అడిగేవాడికి ఇవ్వండి.

పాత లోహం ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలంటే విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్లి ఆ కత్తులు, డాళ్ల ముందు ఓ గంట నిలబడండి.

మాది చూసిన గన్‌స్మిత్ ఒకాయన, గీతలు లోహంలోనే ఉంటాయి కాబట్టి పై నలుపు తీసి, మెల్లగా తుప్పు పట్టించే పాత పద్ధతిలో మళ్లీ బయటికి తేవచ్చన్నారు. అక్షరాలు మాత్రం రావన్నారు.